తిరుపతి ఉక్కలో సంకర జాతి కోళ్లు: పిల్లలు దించిన రోజు నుంచి అమ్మకం దాకా

ఒకే హేచరీలో ఒకే రోజు పుట్టిన వనరాజా అనే సంకర జాతి కోడి పిల్లల్ని పలమనేరులో ఒకరు, శ్రీకాళహస్తిలో ఒకరు దించుకుంటే, నాలుగు నెలల తర్వాత రెండుచోట్లా ఒకే తూకం రాదు. శ్రీకాళహస్తి రైతు పిల్లలు మంచివి కావంటాడు, లేకుంటే దాణాను తిడతాడు. చాలాసార్లు తప్పు ఈ రెండింటిదీ కాదు. పలమనేరు, కుప్పం ప్రాంతాలు సముద్ర మట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తున ఉన్నాయి కాబట్టి అక్కడ రాత్రికి గాలి చల్లబడుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట పల్లపు ప్రాంతాలు. తూర్పుకు పోయేకొద్దీ సముద్రపు తేమ కూడా తోడవుతుంది. మే నెలలో రాత్రి పదింటికి కూడా అక్కడ గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

కోడి పెరగాలంటే తినాలి. తినాలంటే దాని ఒంట్లో వేడి దిగాలి. కాబట్టి ఈ ప్రాంతంలో కోడిని బరువుకు తేవడం అంటే, అది హాయిగా తినగలిగే గంటలు రోజుకు ఎన్ని ఉన్నాయో చూసుకుని, వాటిని పెంచుకుంటూ పోవడమే. కింద రాసినవన్నీ ఆ లెక్కతోనే రాశాను. యాభై నుంచి మూడు వందల కోళ్ల వరకు పెరట్లోనో మామిడి తోటలోనో పెంచుకునేవాళ్ల కోసం ఇది. ఏసీ షెడ్డుల్లో బ్రాయిలర్ వేసేవాళ్ల లెక్కలు పూర్తిగా వేరు.

వేడి ఒకటి, ఉక్క ఇంకొకటి

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంటుంది. పెద్ద కోడికి 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 30 దాటితే మేత తగ్గిస్తుంది, 35 దాటితే నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడు గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉన్న తడి ఆవిరై కొంత వేడిని బయటకు తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉంటే ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు, కోడి ఎంత రొప్పినా వేడి దిగదు. అందుకే ఏప్రిల్‌లో 40 డిగ్రీల పొడి ఎండను నీడలో కూర్చుని తట్టుకున్న కోడి, వాన పడి వెలిసిన మర్నాడు 34 డిగ్రీల ఉక్కలో కూలబడిపోవచ్చు.

రొప్పడం ఊరికే జరిగే పని కాదు. తిన్న దాణాలోని శక్తి కొంత దానికే ఖర్చవుతుంది. పైగా రొప్పేటప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి రక్తంలో క్షార గుణం పెరుగుతుంది. వేసవిలో గుడ్డు పెంకు పలచబడటానికి ఇదొక పెద్ద కారణం.

కోళ్ల రంగంలో వాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం, ఈ రెండూ కలపండి. 160 దాటితే కోడి తిండి తగ్గుతుందని, 170 దాటితే ప్రాణానికే ముప్పని అనుకోవాలి. 35 డిగ్రీల సెల్సియస్ అంటే 95 ఫారెన్‌హీట్. దానికి 70 శాతం తేమ కలిస్తే 165. అలాగని మొత్తం 160 లోపే ఉంది కదా అని 42 డిగ్రీల ఎండను తేలిగ్గా తీసుకోకూడదు, అది దానికదే ప్రమాదం. వేడి, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్ కొని, కోడి తల ఎత్తులో కట్టండి. మన తల ఎత్తులో కడితే మన సుఖం తెలుస్తుంది తప్ప కోడి సంగతి తెలియదు.

మొదటి పని: నెల ఎంచుకోవడం

పిల్లలు ఎప్పుడు దొరికితే అప్పుడు దించడం మనవాళ్ల అలవాటు. ముందు అమ్మే రోజు పెట్టుకుని వెనక్కి లెక్కేసుకోవాలి. సంకర జాతి కోడి పెరటి పద్ధతిలో అమ్మకానికి రావడానికి 16 నుంచి 18 వారాలు పడుతుంది.

మన దగ్గర గిరాకీకి పెద్ద సందర్భాలు రెండు. ఒకటి జనవరిలో కనుమ, రెండోది మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర, దానికి అటూ ఇటూ ఊళ్లలో జరిగే జాతరలు. మందకొడి కాలం కూడా గుర్తుంచుకోవాలి. తమిళ సరిహద్దు కాబట్టి పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. వెంటనే కార్తీకం వస్తుంది. ఆ రోజుల్లో కోళ్లు బరువుకొచ్చి కూర్చుంటే దాణా ఖర్చు తప్ప మిగిలేది ఉండదు.

కనుమకు అమ్మాలంటే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్యలోపు దించాలి. పిల్లలు ఎదిగే వారాలు ఈశాన్య రుతుపవనాల వానల్లో పడతాయి. ఎండ బాధ ఉండదు గానీ తడి, బూజు బాధ ఉంటుంది. జాతరకైతే డిసెంబరులోనే దించండి. చలికాలంలో పిల్లలకు వెచ్చదనం ఇవ్వడం కొంచెం ఖర్చే, కానీ ఎదిగే వారాలన్నీ జనవరి, ఫిబ్రవరి, మార్చిలో గడిచిపోతాయి. అసలు ఎండలు ముదిరే ఏప్రిల్ చివరికి కోడి దాదాపు తూకానికి వచ్చేసి ఉంటుంది. ఫిబ్రవరిలో దించితే ఆ కోడి ఎదగాల్సిన వయసు ఏప్రిల్, మే నెలల్లో పడుతుంది. అది అన్నిటికన్నా నష్టం తెచ్చే బ్యాచ్. జాతర ధర చూసి చాలామంది చేసేది సరిగ్గా ఇదే.

ఏ జాతి?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం నుంచి వచ్చినవి వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నుంచి రాజశ్రీ వచ్చింది. మనకు పక్కనే ఉన్న బెంగళూరు హెబ్బాళ్ నుంచి గిరిరాజా, స్వర్ణధార వచ్చాయి. పలమనేరు, కుప్పం వాళ్లకు ఈ రెండూ తేలిగ్గా దొరుకుతాయి. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ పందెం కోడి జాతి అసీల్ సంకరంతో నిర్భీక్‌ను, నల్ల కోడి జాతి కడక్‌నాథ్ సంకరంతో శ్యామాను, మెడ మీద ఈకలు లేని జాతితో హిత్‌కారిని, మెలితిరిగిన ఈకల జాతితో ఉప్‌కారిని తయారు చేసింది.

చివరి రెండు జాతుల వెనక ఉన్న ఆలోచన మన ప్రాంతానికి సరిపోతుంది. ఈకలు దుప్పటి లాంటివి. మెడ బోసిగా ఉంటే అక్కడి నుంచి వేడి నేరుగా బయటకు పోతుంది, ఎండలో తిండి అంతగా తగ్గదు. మన ఊళ్లలో మెడ బోసిగా ఉండే నాటు కోళ్లు అక్కడక్కడా కనిపిస్తాయి. చూడ్డానికి బాగోవని వాటిని ముందు కోసేస్తారు. నన్నడిగితే అలాంటి పుంజును ఉంచుకోవాలి.

బరువు కావాలంటే వనరాజా లేదా గిరిరాజా, గుడ్లు కావాలంటే గ్రామప్రియ, రెండూ కొంత కొంత కావాలంటే శ్రీనిధి లేదా రాజశ్రీ. మంచి దాణాతో ఆరు వారాలకు వనరాజా 600 నుంచి 700 గ్రాములు తూగుతుంది. గ్రామప్రియ 400 నుంచి 500 గ్రాముల దగ్గర ఉంటుంది. పెరట్లో వనరాజా ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు, గ్రామప్రియ 160 దాకా పెడతాయి. నాటు పెట్ట యాభై, అరవై దగ్గర ఆగుతుంది. ఎండకు ఎక్కువ దెబ్బ తినేది తొందరగా, బరువుగా పెరిగే కోడే. తూర్పు మండలాల్లో, నీడ సరిగా లేనిచోట, అన్నిటికన్నా బరువైన రకాన్ని ఎంచుకోవడం నాకు తెలివైన పనిగా అనిపించదు. అసీల్ పుంజుకు గ్రామప్రియ పెట్టతో కట్టిన సంకరం కొంచెం నెమ్మదిగా పెరుగుతుంది గానీ నిలబడుతుంది. జాతరలో దాని రంగుకు, నిలువుకు ధర కూడా వస్తుంది.

ఇంట్లోనే సంకరం చేయాలనుకుంటే ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. మొదటి తరం పిల్లల్లో సంకర బలం బాగా కనిపిస్తుంది. ఆ పిల్లల్ని వాటిలో వాటికే కట్టించి గుడ్లు పొదిగిస్తే రెండో తరంలో ఒకటి కిలోన్నర, ఒకటి ముప్పావు కిలో తూగుతాయి. వనరాజా గుడ్లు ఇంట్లో పొదిగించుకుని వనరాజా వస్తుందని ఆశపడేవాళ్లకూ ఇదే మాట. పైగా వనరాజా పెట్ట పొదుగుకు కూర్చోదు, నాటు పెట్ట కింద పెట్టాలి. వేసవిలో పొదిగించే గుడ్లను మూడు, నాలుగు రోజులకు మించి దాచకండి. గది వేడికే పిండం సగం కదిలి చచ్చిపోతుంది. తడి ఇసుక పోసిన తొట్టిలో మట్టి కుండ పెట్టి, అందులో దాస్తే కొంత మేలు.

కొట్టం: దిక్కు, కప్పు, గాలి

కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు ఉదయం, సాయంత్రం ఎండ చిన్న గోడల మీద పడుతుంది, లోపలికి రాదు. పొడవు గోడలు అడుగున్నర ఎత్తు కడితే చాలు, పైనంతా జాలీ. గాలి కోడి ఒంటికి తగలాలి కాబట్టి గోడ ఎత్తు పెంచకండి. వెడల్పు 20 అడుగులు దాటితే మధ్యలో గాలి ఆడదు.

కప్పుకు మన దగ్గర చెరకు ఆకు దండిగా దొరుకుతుంది. చెరకు ఆకు, బోద గడ్డి, కొబ్బరి మట్టలు, ఏదైనా సరే రేకు కన్నా ఎంతో నయం. ఏటా మార్చుకోవాలి, నిప్పు భయం ఉంటుంది, అంతే. రేకులే వేసి ఉంటే పైన తెల్ల సున్నం కొట్టండి, దాని మీద మార్చి నుంచి చెరకు ఆకు పరచండి. చూరు మూడు అడుగులు బయటికి ఉంటే ఎండా వానా రెండూ ఆగుతాయి.

స్ప్రింక్లర్లు, నీటిని మంచులా చల్లే ఫాగర్లు వాడేవాళ్లు మీటర్ చూసి వాడాలి. మధ్యాహ్నం గాలి పొడిగా, తేమ 40, 50 శాతం ఉన్నప్పుడు కప్పు తడపడం, గోనె సంచులు తడిపి కట్టడం పనిచేస్తాయి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి తేమ 70 దాటాక అదే నీళ్లు చల్లితే ఉక్కను మనమే పెంచినట్టు. అప్పుడు కావలసింది ఫ్యాను. అది కూడా పైన కాకుండా పక్క నుంచి, కోళ్ల ఎత్తులో వీచాలి. తడి గోనె సంచుల్ని నాలుగు వైపులా మూసేసి కట్టేవాళ్లు ఉన్నారు. గాలి ఆడని తడి గదిలో కోడి ఇంకా తొందరగా పోతుంది.

చోటు విషయంలో పిసినారితనం వద్దు. పిల్లలకు ఆరు వారాల దాకా తలా చదరపు అడుగు చోటు, ఆ తర్వాత రాత్రి పడుకునే చోటు తలా రెండు చదరపు అడుగులు ఇవ్వండి. వేసవి బ్యాచ్‌కు అదే కొట్టంలో ఐదో వంతు పిల్లల్ని తగ్గించి వేయండి.

మామిడి తోట ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పగలు కోళ్లు చెట్ల కింద తిరిగితే కొట్టంలో పడే పాట్లన్నీ సగమవుతాయి. కానీ పూత సమయంలో తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజుల్లో కోళ్లను తోటలోకి వదలకూడదు. మందు డబ్బా మీద రాసిన గడువు ముగిసేదాకా ఆగండి. రాలిన పురుగుల్ని తిన్న కోడి వాటి వెంటే రాలుతుంది.

పిల్లలు వచ్చిన రోజు, ఆ తర్వాత ఆరు వారాలు

ఎండలో పిల్లలు తేవద్దు. హేచరీ నుంచి రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరాలి. పుట్టినప్పుడు పిల్ల 35 నుంచి 40 గ్రాములు ఉంటుంది. మొదటి వారంలో అది పోగొట్టుకున్న ఎదుగుదల తర్వాత తిరిగి రాదు.

కింద రెండు అంగుళాల మందాన ఊక పరిచి, మొదటి రెండు రోజులు దాని మీద పాత పేపర్లు వేయండి. మన దగ్గర చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు చవకగా దొరుకుతుంది కాబట్టి అదే పరుస్తారు. పొడిగా, కొత్తగా ఉంటే ఫరవాలేదు. వానకు తడిసి ఆరిన పొట్టులో బూజు ఉంటుంది, ఆ దుమ్ము పీల్చిన పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అనుమానం ఉంటే వరి ఊకే వాడండి.

రాగానే నీళ్లు తాగించాలి. లీటరు నీటికి కాస్త బెల్లమో గ్లూకోజో కలపండి. కొన్ని పిల్లల ముక్కు నీటిలో ముంచి వదిలితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. గంట తర్వాత పేపరు మీద మొక్కజొన్న నూక చల్లి, మర్నాటి నుంచి చిన్న పిల్లల కోసం తయారుచేసే స్టార్టర్ దాణా పెట్టండి.

మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు ఉండాలి, ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. తిరుపతిలో ఏప్రిల్ పగటి పూట బయటే అంతకన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి బల్బు ఆపేయండి. తెల్లవారుజామున మాత్రం చూసి వెలిగించాలి. లెక్కలకన్నా పిల్లల వరస చూడటం మేలు. అన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడి ఉంటే చలి. గోడలకు అంటుకుని నోరు తెరుచుకుని ఉంటే వేడి. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎక్కడి నుంచో ఈదర గాలి కొడుతోంది. సమంగా పరుచుకుని కిచకిచలాడుతుంటే సరిగా ఉన్నట్టు.

పొట్టును రోజూ కదిలించాలి. గుప్పెడు తీసుకుని నొక్కి వదిలితే ముద్దగా నిలిచిందంటే తడి ఎక్కువైందని అర్థం. అక్కడే రక్త విరేచనాలు తెచ్చే కాక్సిడియోసిస్ పుడుతుంది. కింద కూర్చుని, పిల్లల ఎత్తులో ఒక్క నిమిషం ఊపిరి పీల్చండి. కళ్లు మండితే అమ్మోనియా పట్టింది, తడి పొట్టు తీసేయాలి.

దాణా: ఏం పెట్టాలి అన్నదానికన్నా ఎప్పుడు పెట్టాలి అన్నది ముఖ్యం

తిన్న మేత అరిగేటప్పుడు కోడి ఒంట్లో వేడి పుడుతుంది. ఆ వేడి తిన్న నాలుగు నుంచి ఆరు గంటలకు ఎక్కువగా ఉంటుంది. ఉదయం పది గంటలకు పెట్టిన దాణా మధ్యాహ్నం రెండు, మూడింటికి లోపలి నుంచి వేడి పుట్టిస్తుంది. బయట సూర్యుడు కూడా అప్పుడే ఉంటాడు. కోళ్లు మధ్యాహ్నం కూలిపోవడానికి సగం కారణం ఆ దాణాయే.

కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ఈ వేళలు పాటించండి. తెల్లవారుజామున నాలుగున్నరకు లైటు వేసి మేత పెట్టాలి. తొమ్మిదింటికల్లా తొట్లు తీసేయాలి. పగలంతా నీళ్లు మాత్రమే. సాయంత్రం ఐదున్నర దాటాక మళ్లీ మేత. కొట్టం ఇంకా వేడిగా ఉంటే రాత్రి ఎనిమిదిన్నర దాకా లైటు ఉంచండి. కోడి చీకట్లో తినదు, వెలుతురు ఉంటే చల్లని గంటలన్నీ తింటుంది. ఆరు వారాలలోపు పిల్లలకు మాత్రం ఇంత సేపు కడుపు మాడ్చకూడదు, వాటికి మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల విరామం చాలు.

ఎదుగుదల మందగించగానే "ప్రొటీన్ తక్కువైంది" అని చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) ఎక్కువ కలపడం మామూలుగా జరుగుతుంది. వేసవిలో ఇది తిరగబడుతుంది. అవసరానికి మించిన మాంసకృత్తులు అరిగేటప్పుడు వేడి ఎక్కువ పుడుతుంది, కొవ్వు అరిగేటప్పుడు తక్కువ. అందుకే చెక్క పెంచకుండా పది కిలోల దాణాకు వంద గ్రాముల వంట నూనె కలపండి. శక్తి వస్తుంది, దుమ్ము కూడా తగ్గుతుంది. మాంసకృత్తుల్లో అసలు కొరత పడేవి లైసిన్, మిథియోనిన్. అవి చిన్న ప్యాకెట్లలో దొరుకుతాయి, ప్యాకెట్ మీద రాసిన మోతాదు వాడండి.

ఆరు వారాల వరకు బయట కొన్న స్టార్టరే పెట్టండి, అందులో ఇంటి ప్రయోగాలు వద్దు. ఆ తర్వాత సొంతంగా కలుపుకోవచ్చు. పది కిలోలకు మొక్కజొన్న, సజ్జ కలిపి 5.7 కిలోలు, తవుడు 2 కిలోలు, సోయా చెక్క 2 కిలోలు, కోళ్ల ఖనిజ మిశ్రమం 250 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. ఇందులో మాంసకృత్తులు 16 శాతం దగ్గర వస్తాయి. తోటలో తిరిగి మేసే కోళ్లకు ఇది రోజుకు తలా 50, 60 గ్రాములు సరిపోతుంది. మిగతాది పురుగులు, గడ్డి గింజలు, మునగాకు, నీటి మీద పెరిగే అజోల్లా చూసుకుంటాయి. పట్టు రీలింగ్ జరిగే ఊళ్లకు దగ్గర్లో ఉన్నవాళ్లు ఎండబెట్టిన పట్టుపురుగు ప్యూపాను కొంచెం కలుపుకోవచ్చు. తాజాది తేవద్దు, కంపు భరించలేరు.

చెనిక్కాయ చెక్క గురించి విడిగా చెప్పాలి. మన జిల్లాల్లో అది చేతికందే మేత, అందరికీ అలవాటు. కానీ తేమకు దానిలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఆ విషం కంటికి కనబడదు, ఉడకబెట్టినా పోదు. కోడి చాలాసార్లు చావదు, కానీ బరువు పెరగదు, మందలో చిన్నా పెద్దా తేడా వస్తుంది, వేసిన టీకా సరిగా పట్టదు. కోసి చూస్తే కాలేయం పాలిపోయి పసుపుగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో పెంచే బ్యాచ్‌కు చెనిక్కాయ చెక్క మానేసి సోయా వాడటం మంచిది. మొక్కజొన్నకూ బూజు పడుతుంది, గింజ కొరికితే టక్కున విరగాలి. వానాకాలంలో రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనండి. బస్తాలు నేలకూ గోడకూ తగలకుండా చెక్కల మీద పెట్టండి.

నీళ్లు

మామూలు రోజుల్లో కోడి తిన్న దాణాకు రెండింతలు నీళ్లు తాగుతుంది. ఎండల్లో అది నాలుగింతలు దాటుతుంది. నీళ్లు తగ్గితే మేత అంతకన్నా ముందు తగ్గుతుంది. మిద్దె మీద నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, ఆ నీళ్లను కోడి తాగదు. ట్యాంకుకు గోనె సంచులు చుట్టి తడపండి, పైపును మట్టిలో పూడ్చండి. యాభై కోళ్లే ఉంటే మట్టి కుండల్లో నీళ్లు పెట్టి, నీడలో, రెండు గంటలకోసారి మార్చడమే తేలిక. నీటి తొట్లు వేసవిలో రెట్టింపు చేయండి.

ఎలక్ట్రోలైట్ పొడి, విటమిన్ సి ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో నీళ్లలో కలపండి. మధ్యాహ్నం రొప్పడం మొదలయ్యాక కలపడం కాదు, ఉదయం నుంచే అందాలి. మజ్జిగ పోసేవాళ్లు అరగంట తర్వాత ఆ తొట్టిని కడగాలి.

తూకం వేయకుండా ఎదుగుదల తెలియదు

కంటితో చూసి "బాగానే పెరుగుతున్నాయి" అనడం మానేయండి. రోజూ చూసే మనిషికి వంద గ్రాముల తేడా కనబడదు.

వారంలో ఒక రోజు, తెల్లవారుజామున, మేత పెట్టకముందు తూయాలి. వంద కోళ్లుంటే ఇరవై చాలు. ఏరి పట్టుకోకండి. మూలకు తోలి, వల కింద ఎన్ని పడితే అన్నీ తూయండి. చేతికి దొరికేవి ఎప్పుడూ నెమ్మదైనవీ, చిన్నవీ. గంపలో పెట్టి ఒకటొకటిగా తూచి పుస్తకంలో రాసుకోండి.

రెండు సంగతులు లెక్క కట్టాలి. ఒకటి సగటు. రెండోది, ఆ సగటుకు పది శాతం అటూ ఇటూ ఎన్ని కోళ్లు ఉన్నాయి అన్నది. సగటు 700 గ్రాములైతే 630 నుంచి 770 మధ్య ఇరవైలో పదిహేను, పదహారు ఉంటే మంద సమంగా పెరుగుతున్నట్టు.

సగటు తగ్గింది, కానీ కోళ్లన్నీ సమంగానే ఉన్నాయంటే కారణం అందరికీ ఒకేలా తగిలేది అయి ఉంటుంది. వేడి కావచ్చు, దాణాలో శక్తి తగ్గి ఉండవచ్చు, మేత వేళలు తప్పి ఉండవచ్చు. మీటర్ లెక్కలు, మేత లెక్కలు చూడండి. సగటు ఎలా ఉన్నా మందలో హెచ్చుతగ్గులు ఎక్కువైతే కారణం వేరు. తొట్టి దగ్గర చోటు చాలక చిన్నవి ఆకలితో ఉన్నాయి, లేదా పురుగులు, కాక్సిడియోసిస్, బూజు దాణా. ఈ తేడా పట్టుకోవడం వస్తే సగం మందుల ఖర్చు మిగులుతుంది.

అదే పుస్తకంలో వారానికి ఎంత దాణా పోసిందీ రాయండి. వంద కోళ్లు ఒక వారంలో 45 కిలోలు తిని, ఒక్కొక్కటి సగటున 160 గ్రాములు పెరిగాయనుకుందాం. తలా 450 గ్రాములు తిని 160 పెరిగాయి, అంటే కిలో పెరగడానికి 2.8 కిలోల దాణా. మూడున్నర దాటిపోతుంటే ఎక్కడో దాణా వృథా అవుతోంది. ఎలుకల్ని కూడా అనుమానించండి.

బ్రాయిలర్ నలభై రోజుల్లో రెండు కిలోలు వస్తుంది కదా, ఇదేమిటి ఇంత నెమ్మది అని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. పెరటి సంకర పుంజు నాలుగు నెలలకు కిలోన్నర నుంచి రెండు కిలోల మధ్య వస్తే అది బాగా పెరిగినట్టే. దాని ధర కిలోకు వేరుగా ఉండేది అందుకే.

టీకాలు, జబ్బులు

మారెక్స్ అనే జబ్బుకు టీకా హేచరీలోనే వేయించి తెచ్చుకోవాలి. ఐదు నుంచి ఏడో రోజు మధ్య కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు, 14వ రోజు గంబోరో జబ్బుకు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరో వారంలో మశూచి టీకా, ఎనిమిది తొమ్మిది వారాల మధ్య కొక్కెర తెగులుకు ఆర్2బి సూది. ఎనిమిదో వారం నుంచి రెండు, మూడు నెలలకోసారి నట్టల మందు. మీ ఊరి పశువైద్యుడు పరిస్థితిని బట్టి దీన్ని కొంచెం మార్చవచ్చు.

టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బస్సులో చేతిసంచిలో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే. ఐసు పెట్టిన ఫ్లాస్కులో తెచ్చి, తెల్లవారుజామున వేసి, కలిపిన మందు రెండు గంటల్లోపు అయిపోయేలా చూసుకోండి. నీళ్లలో కలిపి ఇచ్చే టీకాకు క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వాడకూడదు. ఎండకు రొప్పుతున్న కోడికి ఆ పూట టీకా వద్దు.

పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్టోబరు నుంచి మార్చి దాకా కోళ్లను చెరువు గట్లకు వదలకండి. వలస పక్షుల కాలమది. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే కోయడం, అమ్మడం, చెరువులో పారేయడం చేయకుండా పశువైద్యశాలకు చెప్పండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చచ్చిన కోడిని పరీక్ష చేయించాలంటే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. మన జిల్లాల రైతులకు అది దగ్గరున్నా వాడుకునేవాళ్లు తక్కువ.

వడగాడ్పు రోజున

ముందురోజే వాతావరణ హెచ్చరిక వస్తుంది. ఆ ఉదయం ఎనిమిదింటికే తొట్లు తీసేయండి. పదకొండు నుంచి నాలుగు దాకా కొట్టంలోకి అనవసరంగా వెళ్లొద్దు. మనిషి అలికిడికి లేచి పరుగెత్తినా కోడి ఒంట్లో వేడి పెరుగుతుంది. గంటకోసారి దూరం నుంచి చూడండి. రెక్కలు దూరంగా పెట్టి రొప్పుతుంటే అది తట్టుకుంటోంది. రొప్పడం ఆపి, కళ్లు మూసి, మెడ వాల్చేస్తే అది పోతున్నట్టు. దాన్ని వెంటనే నీడకు తెచ్చి, జుట్టునూ కాళ్లనూ చల్లని నీటితో తడిపి, గాలి తగిలేలా ఉంచి, తల నిలపగానే చుక్క చుక్కగా ఎలక్ట్రోలైట్ నీళ్లు పట్టాలి. పూర్తిగా మంచు నీళ్లలో ముంచేయకండి.

ఎక్కువగా చనిపోయేవి మందలో అందరికన్నా బరువైన పుంజులే. అందుకే మే నెల మొదటి వారానికి తూకానికి వచ్చినవాటిని ఇంకో పావు కిలో కోసం ఆపకుండా అమ్మేయడం లాభం.

అమ్మే రోజు

జాతర కోళ్లను పగలు బండెక్కించవద్దు. ముందురోజు రాత్రి మేత ఆపి, నీళ్లు మాత్రం ఉంచి, తెల్లవారుజామున మూడు, నాలుగింటికి పట్టుకోండి. కాళ్లు కట్టి తలకిందులుగా బైకుకు వేలాడదీసి తెచ్చిన కోళ్లలో దారిలోనే కొన్ని పోతాయి, మిగిలినవి తూకం తగ్గుతాయి. గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టల్లో, మామూలుగా వేసేదానికి రెండు కోళ్లు తక్కువ వేసి, పుంజుల్ని విడిగా పెట్టి తేవాలి. బండి ఆగినప్పుడే బుట్టల్లో వేడి పెరుగుతుంది కాబట్టి టీ కోసం ఆపినా చెట్టు నీడలోనే ఆపండి. బేరం కిలో లెక్కన అయితే మీ తూకం పుస్తకం, మీ త్రాసు వెంట తీసుకెళ్లండి. ఒకటి రెండు కోళ్లను వ్యాపారి త్రాసు మీద, మీ త్రాసు మీద రెండిటి మీదా పెట్టి చూశాకే మిగతా బుట్టలు దించండి.